పని బాగుందట, ఎఫిషియెంట్‌గా మాత్రం లేదట!

ప్రశ్న: నమస్తే అండీ. నా వయసు 24. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత తిరుపతిలో బీకాం. సీజన్‌లో కాయల లోడ్ల లెక్కంతా నాదే. కాటా చీటీ రాగానే రిజిస్టర్‌లో రాస్తాను. తర్వాత అదే కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. సాయంత్రం రెండూ సరిచూసుకుని రైతుల బిల్లులు తీస్తాను. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇప్పటిదాకా తూకం తప్పు పడిందని ఒక్క రైతు కూడా రాలేదు. మొన్న అప్రైజల్ ఫారంలో మా మేనేజర్ గారు 'ఎఫెక్టివ్, బట్ నాట్ ఎఫిషియెంట్ ఎనఫ్' అని రాశారు. డిక్షనరీ చూస్తే రెండు మాటలకూ 'సమర్థమైన' అనే ఉంది. సమర్థురాలినే కానీ సమర్థురాలిని కాదు అనా అర్థం? మా తమ్ముడేమో "అక్కా, ఇది ఉద్యోగం తీసేసే ముందు రాసే మాట" అని భయపెడుతున్నాడు. ఒకటే టెన్షన్. ఫారం కింద నా జవాబు ఇంగ్లీషులో రాసి ఈ వారంలో ఇవ్వాలి. ఆ మాట ఎలా వాడాలి, ఎలా పలకాలి, రెజ్యూమెలో 'ఐ యామ్ ఎఫిషియెంట్' అని రాసుకోవచ్చా, ఇవి కూడా చెప్పండి.
— పేరు వద్దన్న పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, ముందు మీ తమ్ముణ్ని కాస్త నెమ్మదించమనండి. తీసేయాలనుకున్నవాళ్లు ఫారంలో 'ఎఫెక్టివ్' అని మొదలుపెట్టరు. ఆ మాట మెప్పే. రెండోది ఫిర్యాదు. అది మీ మీదా, మీ చేత చేయిస్తున్న పద్ధతి మీదా అన్నది తేలాలి. మీ ఉత్తరం చదివితే నాకు పద్ధతి మీదే అనుమానం.

డిక్షనరీ అబద్ధం చెప్పలేదు గానీ సగమే చెప్పింది. ఎఫెక్టివ్ అంటే అనుకున్న ఫలితం వచ్చింది అని. ఎఫిషియెంట్ అంటే ఆ ఫలితం వృథా లేకుండా వచ్చింది అని. మొదటి మాట పని అయిందా లేదా అన్నంతవరకే చూస్తుంది. రెండోది అయిన పనికి ఎంత ఖర్చు పెట్టారని అడుగుతుంది. ఖర్చంటే డబ్బే కానక్కర్లేదు. టైము, కరెంటు, నీళ్లు, డీజిలు, మనిషి ఓపిక, ఏదైనా ఖర్చే. కాబట్టి ఎవరైనా మనల్ని ఎఫిషియెంట్ అన్నా, కాదన్నా వెంటనే అడగాల్సిన మాట ఒకటుంది: "ఏది ఆదా చేసే విషయంలో?" ఆ జవాబు రాకపోతే, అన్నవాళ్లకే ఆ మాట మీద స్పష్టత లేదని అనుకోవచ్చు.

తిరుపతిలో చదువుకున్నారు కాబట్టి కొండ దారులు మీకు తెలిసే ఉంటాయి. అలిపిరి నుంచి నడిస్తే దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు నుంచైతే రెండు కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు 2,400 మెట్లు. రెండూ కొండకే చేరుస్తాయి, కాబట్టి రెండూ ఎఫెక్టివే. ఎఫిషియెంట్ ఏది? నడిచే టైమే లెక్కేస్తే శ్రీవారి మెట్టు. కానీ అలిపిరికి దగ్గర్లో దిగినవాళ్లు శ్రీనివాస మంగాపురం వైపు ఆటో మాట్లాడుకుని వెళ్లి ఎక్కాలంటే ఆ ఛార్జీ, ఆ టైము కూడా కలుపుకోవాలి. అప్పుడు లెక్క మారుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఇంకో లెక్క: దారి ఎంత పొట్టిదైనా నిటారుగా ఉంటే ఆవిడకు ఖర్చయ్యేది మోకాళ్లే. ఇక మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే ఆవిడ ఉందే, ఆవిడ దగ్గర అసలీ మాట ఎత్తకూడదు. ఆవిడ టైము మిగుల్చుకుందామని రాలేదు. ఈ మాటకు పనిలేని చోట్లు లోకంలో చాలానే ఉన్నాయి. ఆఫీసులవాళ్లు అప్పుడప్పుడు ఆ సంగతి మర్చిపోతుంటారు.

ఈ రెండు మాటలూ ఎందుకింత దగ్గరగా వినిపిస్తాయంటే, రెండూ ఒకే లాటిన్ క్రియ నుంచి పుట్టాయి. 'జరిగేలా చేయడం, నెరవేర్చడం' అని దాని అర్థం. ఒకప్పటి ఇంగ్లీషు వాడుకలో ఎఫిషియెంట్‌కు పొదుపుతో సంబంధమే లేదు. కారణమైనది, జరిగేలా చేసేది అనే అర్థమే ఉండేది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాల్లో ఒకదాన్ని ఇప్పటికీ 'ఎఫిషియెంట్ కాజ్' అనే అంటారు. మన తర్కంలో నిమిత్త కారణం అంటారే, దానికి దగ్గరగా ఉంటుంది. కుండకు మట్టి ఉపాదాన కారణమైతే, కుమ్మరి నిమిత్త కారణం. ఆ పాత అర్థంలో కుమ్మరి మట్టి ఎంత వృథా చేసినా సరే, ఎఫిషియెంటే!

వృథా లేకుండా అనే అర్థం గట్టిపడింది ఆవిరి యంత్రాల కాలంలో. ఇంగ్లండులో గనుల్లోకి ఊరే నీటిని తోడటానికి 1712లో న్యూకొమెన్ అనే ఆయన ఆవిరి యంత్రం పెట్టాడు. నీళ్లు తోడేది, పని జరిగేది. కానీ బొగ్గు తెగ తాగేది, ఎందుకంటే అందులో ప్రతి విడతకూ సిలిండరును వేడిచేయాలి, మళ్లీ చల్లార్చాలి. జేమ్స్ వాట్ ఆవిరిని చల్లార్చే పనిని సిలిండరు నుంచి విడదీసి వేరే పాత్రకు మార్చాడు. 1769లో పేటెంట్ తీసుకున్నాడు. నీళ్లు అవే, గని అదే, బొగ్గు మాత్రం బాగా తగ్గింది. ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. వాట్, ఆయన భాగస్వామి బౌల్టన్ గని యజమానుల దగ్గర ఫీజు ఎలా వసూలు చేశారో తెలుసా? పాత యంత్రంతో పోలిస్తే ఆదా అయిన బొగ్గు విలువలో మూడో వంతు. వాళ్లు అమ్ముకున్నది ఆదానే. ఎఫిషియెంట్ అన్న మాటలో దాగి ఉన్న లెక్క అదే.

మీరు తెలుగు మీడియం కాబట్టి ఇంకో చిక్కు కూడా చెప్పాలి. మన సైన్సు పుస్తకాల్లో 'సామర్థ్యం' అంటే పవర్, వాట్లలో కొలిచేది. ఎఫిషియెన్సీకి అక్కడ వాడే మాట 'దక్షత'. పెట్టిన శక్తిలో ఎంత భాగం పనికొచ్చిందో చెప్పేది దక్షత. ఏ యంత్రానికీ అది నూటికి నూరు ఉండదు, ఎంతో కొంత వేడిగానో రాపిడిలోనో పోతుంది. మామూలు డిక్షనరీలు ఈ తేడా పట్టించుకోకుండా అన్నింటినీ సమర్థతలో కలిపేస్తాయి. మీ ఫారంలోని వాక్యాన్ని ఆ పాఠంలోని మాటల్లో చదివితే గందరగోళం పోతుంది. మేనేజర్ గారు మీ సామర్థ్యాన్ని శంకించలేదు, దక్షత చాలడం లేదన్నారు.

ఇంట్లో ఫ్రిజ్ మీద నక్షత్రాల స్టిక్కర్ ఉంటుంది, చూసే ఉంటారు. 2001లో వచ్చిన ఇంధన పొదుపు చట్టం కింద 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2006 నుంచి ఆ నక్షత్రాలు ఇస్తున్నది వాళ్లే. ఐదు నక్షత్రాలుంటే ఎక్కువ చల్లబరుస్తుందని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాదు. నీళ్లు చల్లబడటంలో తేడా ఏమీ ఉండదు, మీటరు తిరగడంలో ఉంటుంది. బల్బులూ అంతే. పాత 60 వాట్ల గుండు బల్బు ఇచ్చేంత వెలుతురు 9 వాట్ల ఎల్ఈడీ కూడా ఇస్తుంది. చదువుకోవడానికి రెండూ ఎఫెక్టివే. ఎఫిషియెంట్ మాత్రం ఎల్ఈడీయే.

ప్రొడక్టివ్ అనే మూడో మాట కూడా మీకు ఆఫీసులో వినబడే ఉంటుంది. అది ఎంత బయటికి వచ్చిందో చెబుతుంది. ఎకరాకు ఎక్కువ టన్నుల బెంగళూరా రకం మామిడి కాయ దిగిందంటే ఆ తోట ప్రొడక్టివ్. అదే దిగుబడిని డ్రిప్పు పెట్టి తక్కువ నీటితో తీస్తే, నీళ్ల విషయంలో ఎఫిషియెంట్. బోరు వెయ్యి అడుగులు దింపినా తడి తగలని మన పడమటి మండలాల్లో రైతుకు ఈ రెండో మాట అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ ఫ్యాక్టరీ లోపల కూడా ఇదే లెక్క. 100 కిలోల కాయకు 55 కిలోల గుజ్జు వచ్చిందనుకోండి, టెంక, తొక్క పోను ఇంకో రెండు కిలోలు ఎక్కువ రాబట్టగలమా అని ప్రొడక్షన్‌వాళ్లు తలలు బద్దలుకొట్టుకుంటారు. అదే చూపుతో మీ టేబుల్ వైపు చూసి మీ మేనేజర్ ఆ ముక్క రాసి ఉండొచ్చు.

ఇప్పుడు ఆ టేబుల్ దగ్గరకే వద్దాం. లారీ లోడుతో కాటా ఎక్కుతుంది. ఒక బరువు. కాయలు దించాక ఖాళీ బండి మళ్లీ ఎక్కుతుంది. ఇంకో బరువు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే అసలు తూకం. ఆ అంకె చీటీ మీద పడి మీ చేతికొస్తుంది. మీరు దాన్ని చేత్తో రిజిస్టర్‌లో రాస్తారు, తర్వాత కీబోర్డు మీద కొడతారు. అంకె ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిన ప్రతిసారీ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. 8,460 కాస్తా 8,640 కావచ్చు. ఆ భయంతోనే సాయంత్రం కూర్చుని రెండూ సరిచూస్తున్నారు. అంటే మీ సాయంత్రం పని పుట్టిందే పొద్దున రెండుసార్లు రాయడం వల్ల. చీటీ చూసి నేరుగా కంప్యూటర్‌లో కొట్టి, అప్పుడే చీటీతో ఒకసారి సరిచూసుకుని, దాని మీద టిక్కు పెట్టి ఫైల్ చేస్తే? రిజిస్టర్‌తో పోల్చే పనే ఉండదు. రైతుకు తూకం తప్పు పోకూడదనే మీ పట్టుదలకూ ఏ లోటూ రాదు.

అయితే తొందరపడి రిజిస్టర్ మూసేయకండి. కొన్ని చోట్ల ఆడిటర్ అడుగుతారు. కొన్ని చోట్ల కరెంటు పోతే, కంప్యూటర్ మొరాయిస్తే అదొక్కటే దిక్కు. లారీలు ర్యాంపు (కాయలు కొని లోడు చేసే చోటు) నుంచి వరసకట్టి వచ్చే రోజుల్లో మెషీన్ ఆగిపోయిందని రైతును నిలబెట్టలేరు కదా. రిజిస్టర్ ఎవరి కోసం పెట్టారో ముందు కనుక్కోండి. ఎవరో ఎప్పుడో చెప్పారు, అలా రాస్తూ వస్తున్నాం అన్న జవాబు వస్తే, అదే వృథా. ఫలానా అవసరం ఉంది అంటే, అది జాగ్రత్తకు పెట్టే ఖర్చు. అప్పుడు రెండోసారి రాయడానికి ఇంకో మనిషినైనా ఇవ్వాలి, ఆ టైమునైనా మీ పనిలో లెక్కించాలి.

చేదుగా ఉన్నా ఇంకో మాట చెప్పాలి. కొందరు పైవాళ్లు "ఇంకాస్త ఎఫిషియెంట్‌గా ఉండాలి" అంటే, ఇద్దరి పని ఒక్కరే చేయాలని అర్థం. సీజన్ ముమ్మరంలో కొత్తగా ఎవర్నీ తీసుకోకుండా, రాత్రి తొమ్మిదింటి దాకా ఉన్నందుకు ఏమీ ఇవ్వకుండా ఆ మాట వాడితే ఆదా అవుతున్నది కంపెనీ డబ్బు, ఖర్చవుతున్నది మీ టైము. మీ మేనేజర్ అలాంటివారని నేను అనడం లేదు, ఉత్తరంలో ఆ వాసన లేదు. కానీ అడిగి తెలుసుకోవడం మీ హక్కు. "సార్, ఏ పనిలో టైము ఎక్కువ తీసుకుంటున్నానని మీకు అనిపిస్తోంది?" అని నేరుగా, మర్యాదగా అడగండి. బిల్లు ఆలస్యమవుతోందంటారా, కాగితం ఎక్కువ వాడుతున్నామంటారా, ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసి అడుగుతున్నారంటారా, ఏదో ఒకటి బయటికి వస్తుంది. ఆ మాట వినకుండా జవాబు రాయకండి.

వాడుక విషయానికొస్తే, మనిషికి, యంత్రానికి, పద్ధతికి, వ్యవస్థకు ఎఫిషియెంట్ చక్కగా సరిపోతుంది. మాత్రకు సరిపోదు. జ్వరం తగ్గించే మాత్రను ఎఫెక్టివ్ అనాలి. చట్టం, ప్రచారం, హెచ్చరిక కూడా ఎఫెక్టివే. ఎఫెక్టివ్‌కు ఆఫీసు కాగితాల్లో ఇంకో అర్థం కూడా ఉంది: 'ఎఫెక్టివ్ ఫ్రమ్ ఏప్రిల్ 1' అంటే ఆ తేదీ నుంచి అమల్లోకి వస్తుందని. దాన్ని మెప్పు అనుకోవద్దు. మన దగ్గర "ఆయన చాలా ఎఫిషియెంట్ ఆఫీసర్" అన్నప్పుడు చురుకైనవాడు, ఫైలు ఆపనివాడు, ఒక్కోసారి లంచం ముట్టనివాడు అని కూడా ధ్వనిస్తుంది. ఇంగ్లీషులో చివరి అర్థం లేదు. పైగా అక్కడ ఈ మాటలో ఒక చల్లదనం ఉంది. డాక్టర్ని 'షీ ఈజ్ వెరీ ఎఫిషియెంట్' అని మాత్రమే అన్నారంటే, చకచకా చూసి పంపేస్తుంది, నవ్వుతూ ఒక్క మాట మాట్లాడదు అనే అర్థం కూడా రావచ్చు. అందుకే ఇంట్లోవాళ్లను, స్నేహితులను మెచ్చుకోవడానికి ఈ మాట వాడకపోవడమే మేలు. అత్తగారిని అసలే వద్దు.

వాక్యంలో ఎక్కువమంది తడబడే చోటు ఒకటుంది. 'ఐ వర్క్ ఎఫిషియెంట్' అని రాస్తారు. పని ఎలా చేస్తున్నారో చెప్పేటప్పుడు 'ఎఫిషియెంట్లీ' కావాలి: 'ఐ వర్క్ ఎఫిషియెంట్లీ'. ఫలానా పనిలో అనడానికి 'ఎట్' వాడండి: 'షీ ఈజ్ ఎఫిషియెంట్ ఎట్ హ్యాండ్లింగ్ బిల్స్'. ముందు 'ఎ' కాదు, 'యాన్' వస్తుంది: 'యాన్ ఎఫిషియెంట్ సిస్టమ్'. వ్యతిరేకం 'ఇనెఫిషియెంట్'. అది కాస్త గట్టి మాటే. మీ ఫారంలో ఆ మాట వాడకుండా 'నాట్ ఎఫిషియెంట్ ఎనఫ్' అని సుతిమెత్తగా రాశారంటే, మీ మేనేజర్‌కు మీ మీద గౌరవం ఉన్నట్టే.

పలకడానికి వస్తే, తెలుగులో మనం ఎఫిషియెంట్ అని నాలుగు ముక్కలుగా పలుకుతాం, రాసేదీ అలాగే. ఇంగ్లీషువాళ్లు దాదాపు 'ఇఫిషంట్' అంటారు, 'ఫి' మీద ఊనిక. ఇంటర్వ్యూలో ఎలా పలికినా అర్థమవుతుంది, దాని కోసం నిద్ర మానుకోవద్దు. స్పెల్లింగ్ మాత్రం సరిగ్గా ఉండాలి: ఇ, రెండు ఎఫ్‌లు, ఐ, సి, ఐ, ఇ, ఎన్, టి. బళ్లో సి తర్వాత 'ఇ' ముందు, 'ఐ' తర్వాత అని నేర్పించి ఉంటారు. ఈ మాట ఆ సూత్రానికి లొంగదు. సఫిషియెంట్, ఏన్షియెంట్, సైన్స్ కూడా అంతే.

ఫారంలో రాయాల్సిన జవాబు చిన్నదిగా ఉండాలి. సంజాయిషీ వద్దు, రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటున్నానన్న ఫిర్యాదు కూడా వద్దు. ఇలా రాయొచ్చు: 'థాంక్యూ ఫర్ ద ఫీడ్‌బ్యాక్. ఐ నౌ ఎంటర్ ద సేమ్ వెయిట్ ట్వైస్, ఫస్ట్ ఇన్ ద రిజిస్టర్ అండ్ దెన్ ఇన్ ద సిస్టమ్. ఇఫ్ వీ కెన్ స్టాప్ వన్ ఆఫ్ దీజ్, ద బిల్స్ విల్ బి రెడీ ఎర్లియర్. ఐ రిక్వెస్ట్ యువర్ అడ్వైస్ ఆన్ దిస్.' ఇందులో ఎఫిషియెంట్ అన్న మాట లేదు, చూశారా? కావాలనే పెట్టలేదు. వృథా ఎక్కడుందో చూపించినప్పుడు మళ్లీ ఆ మాట ఎత్తాల్సిన పనిలేదు. మేనేజర్‌తో మాట్లాడాక ఆయన వేరే సంగతేదైనా చెబితే, మధ్య వాక్యాలు దానికి తగ్గట్టు మార్చుకోండి.

రెజ్యూమెలో 'ఐ యామ్ ఎఫిషియెంట్' అని రాయకండి. అందరూ రాసేదే అది, చదివేవాళ్ల కళ్లు దాని మీద ఆగవు. సీజన్‌లో రోజుకు ఎన్ని లోడ్ల బిల్లులు తీశారో, తూకం తప్పిందన్న ఫిర్యాదు ఒక్కటీ రాలేదని రాయండి. ఆ పద్ధతి మారి బిల్లులు తొందరగా రావడం మొదలైతే, ముందు ఎంత టైము పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అన్నది కూడా చేర్చండి. అంకె మాత్రం నిజమైనదే వేయాలి, ఇంటర్వ్యూలో దాని మీదే రెండో ప్రశ్న వస్తుంది.

మీ తమ్ముడికి ఈ పని అప్పగించండి: ఫారం తిరిగి ఇచ్చే ముందు దానికి రెండు జిరాక్సులు తీయించమనండి. ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వచ్చే ఏడాది అప్రైజల్‌లో మళ్లీ ఇదే మాట కనబడితే, ఈసారి మీరేం చెప్పారో, వాళ్లేం మార్చారో చూపించడానికి పనికొస్తుంది.